అంచు తప్పిన జంపఖానా

మండి బజార్ల పాత సామాను దుకాణంల
ఆరు వందలకు బేరమాడి తెచ్చిన కరెంటు కుండ.
ఒక చెవి ఇరిగింది, మూత కొంచెం వంకర.
దీనికి మూడే మాటలొస్తయి:
తక్కువ, ఎక్కువ, వెచ్చగ.
అంతకన్న ఎక్కువ మాట్లాడేటోళ్ళమే
మా ఇంట్ల అందరం.

పొద్దుగాల్నే పోచమ్మమైదాన్ల
అరకిలో బొక్కలకు ఎనభై.
"నల్లి బొక్క గూడ ఏసిన చెల్లే, రసం దిగుతది"
అన్నడు ఖలీల్ భాయ్, కత్తి తుడుసుకుంట.
రాత్రి నానబోసిన శనగపప్పు,
ఆనిగపుకాయ సగం, (ఇంకో సగం రేపటిది)
ఉల్లిగడ్డలు, ఎల్లిపాయ, అల్లం, పసుపు.
చింతపండు మాత్రం ఇప్పుడే ఎయ్యద్దు.
పులుపు ముందుగాల పడ్డదంటే
పప్పు మొండికేస్తది,
పొద్దంత బతిమాలినా మెత్తబడది.

అంతా కలిపి నూట ముప్పై ఐదు.
ఆరుగురం, రెండు పూటలు.
తలకు పూటకు పదకొండు రూపాల పావలా.
పావలా బజార్ల ఎప్పుడో పోయింది,
నా లెక్కల ఇంకా నడుస్తనే ఉన్నది.
బియ్యం రేషన్‌వి, అవి రాయను.

"మంట లేదు, పొగ లేదు,
గిది గూడ వంటనేనా?" అంటది అండాలత్త.
ఆమె ముప్పై ఏండ్లు పొట్టు పొయ్యి మీద వండింది.
నడుమ రోకలి నిలబెట్టి
చుట్టూ కట్టెపొట్టు దట్టించి,
రోకలి మెల్లగ పీకితే మిగిలిన బొందల
పొద్దంత ఊదకుండ రగిలే నిప్పు.
ఆ పొగకే ఒక కన్ను మసకైంది.
అయినా పొగ లేని వంట మీద ఆమెకు నమ్మకం లేదు.

ఏడింటికి 'తక్కువ' మీద పెట్టి
నేను, వీరేశం సొసైటీ షెడ్డుకు పోయినం.
రెండింటికి కరెంటు పోయిందట.
షెడ్డుల ఫ్యాను చచ్చి రెండేండ్లు,
మగ్గానికి కరెంటుతోని పని లేదు,
పోయిన సంగతి నాకు తెల్వనే లేదు.
ఎర్ర పోగు, నీలం పోగు, కాలు కింద పలక,
నా పాటికి నేను నేస్తనే ఉన్న.

మాపటికి ఇంటికొచ్చి చూస్తే
గూట్ల కుండ లేదు.
గుండె గుభేలుమన్నది,
నూట ముప్పై ఐదు కండ్ల ముందర తిరిగినయి.

మూలకు, బియ్యం డబ్బా పక్కన
పసిపిల్లను చుట్టినట్టు చుట్టి ఉన్నది.
పోయిన నెల అంచు తప్పిందని
సొసైటోళ్ళు వాపసు చేసిన జంపఖానా,
నాలుగు మడతలు, మీద ఆమె పాత చీర,
ఆ మీద పీట, పీట మీద రోలు బండ.
"సల్లారనిస్తనా?" అన్నది అత్త,
నా దిక్కు చూడకుంటనే.
"ఐదింటికి వచ్చింది కరెంటు.
మళ్ల పెట్టలే. వచ్చింది ఉంటదా ఏంది?"

మూత తీస్తే ఆవిరి మొఖానికి కొట్టింది.
పప్పు జాడ లేదు, పులుసుల కలిసిపోయింది.
గంటెతోని అట్ల ముట్టుకోంగనే
బొక్క నుంచి కూర తనంతట తనే జారింది.
అప్పుడు పిసికిన చింతపండు,
కొత్తిమీర, తాలింపు సుయ్యిమనుడు.

లోహిత నల్లి బొక్కను కంచం మీద
టకటక కొట్టి పీలుస్తున్నది.
మా మరిది మూడోసారి అన్నం పెట్టుకుంటున్నడు,
రెండో పూట లెక్క తప్పేటట్టే ఉన్నది.
అత్త ఏమనలే. బాగుందనీ అనలే.
చెయ్యి కడుక్కునేముందు
వేళ్ళు మాత్రం రెండుసార్లు నాకింది.

పదిహేడేండ్లు జంపఖానాలు నేసిన.
పెండ్లి పందిట్ల, సభల
ఎవరెవరో కూసున్నరు వాటి మీద.
మా ఇంట్ల ఒక్కటీ పరవలే.
ఇది మాత్రం ఇగ ఎటూ పోదు,
దీనికి దాల్చా వాసన పట్టింది,
ఎవ్వరు కొనరు.

పండుకునే ముందు అత్త
దాన్ని దులిపి, మడతేసి
కుండ పక్కనే పెట్టింది.
"రేపటికి బబ్బెర్లు నానబోస్తివా?" అనడిగింది.