ఉప్పు తక్కువ

సెవెరీనో క్విన్తెలా దగ్గర ఒక నల్లట్ట పుస్తకం ఉంది.
పుట్టినరోజున తనకి ఫోన్ చెయ్యని వాళ్ల పేర్లు
ఏడాదివారీగా, ఇంటిపేర్లతో సహా
అందులో రాసి పెట్టుకున్నాడు.
వాళ్లలో ఒక్కరి పుట్టినరోజూ అతనికి తెలీదు.

ముప్ఫై రెండేళ్లు పోర్తోలో ట్రామ్ కండక్టరు.
"జరగండి, లోపలికి జరగండి, బోలెడు చోటుంది"
అని పొద్దస్తమానం అరిచిన గొంతు.
పెళ్లాం మాత్రం అన్నేళ్లూ
ఫుట్‌బోర్డు మీదే నిలబడింది.
ఓ సాయంత్రం, నది వైపు మలుపులో దిగిపోయింది.
"నన్నొదిలేసి పోయింది" అంటాడు ఇప్పటికీ.
ఎందుకూ అంటే
మోకాలి నొప్పి సంగతి ఎత్తుకుంటాడు.

పై అంతస్తు అతనిది, కింద నాది.
మా ఇద్దరి బట్టలూ ఒకే సందు మీద ఆరతాయి.
అతని చొక్కాల నీళ్లు నా దుప్పట్ల మీద కారతాయి.
చెప్పాను ఒకసారి.
"నిజమే దెల్ఫీనా,
ఈ ఊళ్లో ఎండ కూడా నన్ను పట్టించుకోదు" అన్నాడు.

ఫిబ్రవరిలో జ్వరం పడ్డాడు.
రాత్రంతా నా సీలింగు దగ్గుతూనే ఉంది.
బంగాళాదుంపలు మెదిపి, ముదురాకు సన్నగా తరిగి
సూపు కాచి పట్టుకెళ్లాను.
నల్ల బట్టల్లో ఉన్నాను నేను.
మా చెల్లెలు అల్సీరాని మట్టిలో పెట్టి
అప్పటికి నాలుగు రోజులు.
నన్ను ఎగాదిగా చూశాడు.
అడుగుతాడనుకున్నాను.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

తర్వాత గంటన్నర
తనెంత ఒంటరివాడో చెప్పాడు.
ఈ లోకంలో మనిషికి మనిషి లేడన్నాడు,
నా చెయ్యి పట్టుకునే అన్నాడు.
నా వేళ్లు మంచులా ఉన్నాయట.
జ్వరం కదా,
హాయిగా ఉందట.

మూడో రోజు అతను కునుకు తీస్తుంటే
ఆ పుస్తకం తెరిచాను. తప్పే.
నిన్నటి తారీఖు కింద వంకర అక్షరాలు:
"ఈరోజు కూడా ఎవరూ రాలేదు.
సూపు చల్లారిపోయింది."

కోపం రాదా మరి!
మెట్లు దిగుతూ లెక్కేసుకున్నాను.
మూడు గిన్నెల సూపు,
ఎక్కి దిగిన మెట్లు నూట ముప్ఫై రెండు,
అతను నన్నడిగిన ప్రశ్నలు సున్నా.
పాత కేలెండరు వెనక
పెన్సిలుతో అతని పేరు కూడా రాశాను.
రాసి, నా చేతివైపు చూసుకున్నాను.

అతని మంచం పైన గోడకి ఒక ఫొటో ఉంది.
ట్రామ్ మెట్టు మీద, పెద్దవాళ్ల టోపీ పెట్టుకుని
ముందు పళ్లు లేని పిల్లాడు.
మూడు రోజులూ దాని కిందే కూర్చున్నాను.
ఎవరు, ఏమయ్యాడు, అడగలేదు.
ముందు తను నన్నడగాలని
కాచుకుని కూర్చున్నాను.

ఇవాళ కాస్త ఎండ వచ్చింది.
సందు మీద అతని చొక్కా ఒక్కటే ఉంది, కారుతూ.
పొయ్యి మీద మళ్లీ గిన్నె పెట్టాను.
ఉప్పు, రెండు చిటికెలు ఎక్కువే వేశాను,
మంచికో,
కచ్చకో.