పేరున్న చెంచా

మైలవరం కట్ట మీద, నీళ్ల వైపు,
రాళ్లు పేర్చిన వాలులో కింది నుంచి నాలుగో వరస
నా చోటు.
అక్కడొక నల్లబండ. కూర్చుంటే కదలదు.
మిగతావన్నీ ఏదో ఒకనాడు కాలి కింద జరిగేవే.
పొద్దు వాలినా దాని వేడి వాలదు,
తువ్వాల మడిచి వేసుకోవాల.

ఎర్రగుంట్లలో బండలకు పాలిష్ పట్టే పని నాది.
దినమంతా బూడిదనీళ్లలో కాళ్లు.
నా ముఖం కనపడేదాకా రుద్దుతానా,
ఆ ముఖం మీద ఇంకెవరో ఉల్లిగడ్డలు తరుగుతారు.

ఈ గాలం పిచ్చి తగిలించింది లారీ కొమారయ్య.
కృష్ణపట్నం పక్క ఊరాయనది.
సముద్రంలోకి తోసిన రాళ్లగోడ చివర నిలబడి
రొయ్య లేకుండా, వానపాము లేకుండా
ఉత్త తళుకుతో చేపను పిలిచే మనిషి.
"ఎరంటే తిండి కాదు మావా, కదలిక."
లోడెత్తేలోగా ఫ్యాక్టరీ వెనక
విరిగిన బండల మధ్య, చుక్క నీళ్లు లేని చోట
విసరడం నేర్పినాడు.
పోతా పోతా పాత రాడ్డొకటి వదిలిపెట్టి
"మీ పెన్నే గదా మా కాడ ఉప్పెక్కేది" అన్నాడు.
గేట్లెత్తితే గదప్పా, అన్నా.

తళుకు యాడ దొరుకుతుంది?
ఇంట్లో స్టీలు చెంచాలు, డజను.
ఓబుళమ్మకు పెండ్లిలో మేనమామ పెట్టినవి.
గుంట లోపల చుక్కచుక్కగా చెక్కిన ఆమె పేరు.
ఒకదాని కాడ కోసేసి
బండకు బెజ్జమేసే మిషన్ కింద రెండు బెజ్జాలు,
పాలిష్ చక్రం మీద ఒక్క నిమిషం, వీపు మాత్రమే.
పేరు వైపు చక్రాన్ని తాకనీయలేదు.

విసిరితే
ఎండను కొంచెం ఎత్తుకుపోయి టప్పున మునుగుతుంది.
మూడు లెక్కపెట్టి చుట్టాల. ఆపాల.
జబ్బు చేసిన పిల్లచేప మాదిరి ఒక్క కుదుపు.
మళ్లీ చుట్టాల.
చేత్తో అబద్ధమాడేదానికి ఇంత ఓపిక కావాలని తెలీదు,
నోటితో అయితే సులభం.
ఓవర్‌టైమని చెప్పే గదా ఇక్కడికి వచ్చేది.

దసరా పోయింది, శివరాత్రి పోయింది.
రాళ్ల సందులు రెండు చెంచాలు మింగినాయి.
లస్కరు హుసేనయ్య కట్ట మీద సైకిల్ తోసుకుంటా
"చేపలకు పాయసం పెడతాండావా?" అని
రోజూ అదే మాట, రోజూ కొత్తగా నవ్వు.

ఆ పొద్దు మాత్రం ఆపిన చోట
చెంచా ఆగలేదు.

రాడ్డు విల్లయింది. నా మోకాళ్లు రాళ్లకు గీసుకున్నాయి.
చెప్పొకటి నీళ్లలోకి పోయింది, పోనీ.
సైకిల్ పారేసి హుసేనయ్య కిందికి దిగొచ్చి
నా నడుము పట్టుకున్నాడు, నవ్వకుండా.
వాలుగ. చెయ్యంత పొడుగు. మీసాలు రెండూ వణుకుతాండాయి.
నోరు తెరిచి చూస్తే
నా గాలం పక్కనే ఇంకొకటి,
తుప్పు పట్టి, దవడలో కలిసిపోయి,
చుట్టూ కండ పెరిగి.
నాకంటే ముందు ఎవరో చెప్పిన అబద్ధం.
ఒకసారి నమ్మి చెడింది మళ్లీ ఎట్ల నమ్మిందని
హుసేనయ్యను అడిగినా.
"ఆకలికి లెక్కపత్రం ఉంటుందా" అని
బీడీ ముట్టించుకున్నాడు.
తోక వైపు సగం ఆయనకే ఇచ్చినా.

ఓబుళమ్మ చేపను చూడలేదు ముందు.
చెంచాను చూసింది. కడిగింది. దీపం కాడికి తీసుకుపోయింది.
పండ్లు గీరిన చోట "ళ" లేదు,
దాని పక్క సున్నా సగం ఉంది.
"ఓవర్‌టైమా?" అంది.
నేను పులుసుకు చింతపండు నానబెట్టినా.

చాలాసేపటికి, ముల్లు తీసి పళ్లెం అంచున పెడతా,
"రేపు నీ పేరుండేది తీసుకుపో" అంది.

గూట్లో గిన్నెలన్నీ తిప్పి చూసినా.
ఆమె పేరు, వాళ్ల అమ్మ పేరు,
ఎప్పుడో తెచ్చి ఇయ్యని పక్కింటి వాళ్ల పేరు.
నాది గ్యాసు పుస్తకం మీద ఉంది.
అది మునగదు.