కట్ట

నేను ప్లీడరు గుమాస్తాని.
సూర్యాబాగ్ నుంచి కోర్టు మెట్ల దాకా
పదకొండేళ్లు మోశాను ఈ కట్టని.
మొదట్లో చంకలో ఇమిడేది.
తర్వాత సైకిలు వెనక కట్టాల్సొచ్చింది,
చివరికి ఆటో.

లోపలున్నది ఒక బోటు.
ఫిషింగ్ హార్బర్లో చెరిసగం వేసుకుని కొన్నారు
తెడ్డు సింహాద్రి, మైలపల్లి ఎల్లాజీ.
తేడా వచ్చింది మూడు పీపాల డీజిలు దగ్గర.
దావాకి నంబరు పడింది. స్టే వచ్చింది.
బోటు కదలకూడదన్నారు.
కదల్లేదు.
పురుగు మాత్రం స్టేని లెక్కచెయ్యలేదు,
ఉప్పునీళ్లలో తీరిగ్గా కూర్చుని
చెక్కంతా తినేసింది.

వాయిదాకి ఖర్చు రాసుకోండి:
ఆటో, టీలు, ప్లీడరు గారి చేతిలో పెట్టింది,
ఆ రోజు వేటకెళ్లక పోయిన కూలి.
నా రెండొందలు కూడా రాయండి, దాచను.
జడ్జి గారు సెలవు. ఇంకోసారి సమ్మె.
తుపానొచ్చిన ఏడు కాగితాలు తడిస్తే
మేడ మీద ఆరబెట్టింది నేనే.

ఒకరోజు జడ్జి గారు కళ్లజోడు తీసి
"మధ్యవర్తి దగ్గర కూర్చోండి" అన్నారు.
నాకు నవ్వొచ్చింది.
నా రెండొందల మీద కాస్త దిగులూ వేసింది.

చిన్న గది. గుండ్రటి బల్ల. బోను లేదు.
గాలి మారినట్టుంది,
ఇద్దరూ ఒకేసారి కిటికీ వైపు చూశారు.
మధ్యవర్తి అనసూయ గారు అది చూశారు.
డీజిలు మాటెత్తలేదు.
"నీకేం కావాలి?" అన్నారు.
ఆ ప్రశ్న ఈ కట్టలో ఎక్కడా లేదు.
నకళ్లు రాసినవాణ్ని, నాకు తెలుసు.

సింహాద్రి చాలాసేపు గోరు గిల్లుకున్నాడు.
"జెట్టీ మీద, కలాసీల ముందు
నన్ను దొంగన్నాడమ్మా."
ఎల్లాజీ కిటికీనే చూస్తూ
"అన్నాను" అన్నాడు.
ఇంకాసేపటికి, "అనకూడదు."

మూడు సిట్టింగులు. నలభై రోజులు.
ఇంజను ఎల్లాజీకి,
దాని రేటులో సగం సింహాద్రికి, మూడు కిస్తీల్లో.
చెక్క ఎవరికీ మిగల్లేదు.
కోర్టు ఫీజు వాపసొచ్చింది.
ఏళ్లు వాపసిచ్చే కౌంటరెక్కడని
సింహాద్రి నన్నడిగాడు,
నవ్వుతూనే.

కట్ట రికార్డుకి పోయింది.
ఎర్రనాడా నా దగ్గరుండిపోయింది,
టిఫిను క్యారేజీకి చుడుతున్నాను.

ఇవాళ కొత్త క్లయింటు. గోపాలపట్నం, గోడ తగాదా.
చొక్కా గుండీ ఒకటి తెగి ఉంది.
టీ చెప్పి, ప్లీడరు గారొచ్చేలోపు
గొంతు తగ్గించి అడిగాను:
"నీకేం కావాలి బాబూ?"
"గోడ" అన్నాడు.
ఇంకో టీ చెప్పాను.