శిఖం గడి

బడి వెనక గేటుకాడ ట్యాంకర్ ఆపి, పైపు చుట్టి
చాయ్ తాగుతుంటే పిలిచింది హిమజ టీచర్:
"ఓదెలన్నా, ఆటకి ఒక మనిషి తక్కువయ్యారు. వస్తావా?"

కల్బాల వాన వెలిసి పదకొండో దినం.
గోడ మీద నీళ్ల గీత ఇంక నా బొడ్డు ఎత్తుకు ఉన్నది.
పదకొండు దినాల సంది నాది ఒక్కటే పని,
రోడ్డు మీది నీళ్లు తోడి సముద్రంల పొయ్యడం.

అట్ట మీద గీసిన ఊరు.
పైన కొండలు, కింద సముద్రం, నడుమ మట్టిరంగు వాదీ.
నీళ్లంటే నీలం గోలీలు. పాచిక ఎంత పడితే అన్ని
కొండ మీదికెల్లి జార్తయి.
మనిషికి పది నాణేలు. గోడకు నాలుగు, మోటరుకు మూడు,
మడ మొక్కకు ఒకటి, గాఫ్ చెట్టుకు ఒకటి.

జుబిన్ గోడ కొన్నడు. రుఖయ్యా ఇంకో గోడ.
ఐదు పడ్డది. గోలీలు గోడకు తాకి, పక్కకు మళ్లి
బాసిల్ దుకాణంల జొరబడ్డయి.
వాడు ఏడ్చినంత పని చేసిండు.
గోడ నీళ్లను ఆపదు బిడ్డా,
పక్కింటి అడ్రస్ చెప్తది.

సాత్విక సముద్రం అంచుకు నాలుగు మడ మొక్కలు నాటింది.
అగ్గిపుల్లల వేర్లల్ల మూడు గోలీలు చిక్కి ఆగినయి
రాకరాక వచ్చిన సుట్టాల లెక్క.

గాఫ్ బొమ్మ చేతిలకు తీసుకొని చూసిన.
అరె, ఇది మా జమ్మి!
దసరానాడు బంగారమని పెద్దోళ్ల చేతిలవెట్టి
కాళ్లు మొక్కే ఆకు
ఇక్కడ ఒక్క నాణెం.

నా వంతు వచ్చింది. నేనేం కొనలే.
వాదీ పొంటి మూడు గడులు ఖాళీగుంటే
పది నాణేలు వాటి మీదనే పెట్టి
"ఇవి ఎవ్వలకు అమ్మొద్దు" అన్న.
"అంకుల్, అట్లాంటి రూల్ లేదు."
"రాసుకోండ్రి. దీని పేరు శిఖం."

చెరువు నిండితే నీళ్లది, ఎండితే మనది.
పుచ్చకాయ పెట్టుకో, బర్రెను కట్టేసుకో,
ఇల్లు మాత్రం కట్టకు.
పట్టా వాన పేరు మీద ఉంటది.
(మా ఊర్ల కూడ మరిచిండ్రు ఈ మాట.
శిఖంల ప్లాట్లు కొట్టిండ్రు, రాళ్లకు తెల్లరంగేసిండ్రు.)

వాదీ గూడ అంతే.
మా భాషల వాది అంటే దావా వేసినోడు.
ఏండ్లకేండ్లు వాయిదాకు రాదు,
వచ్చిననాడు తన జాగ తనే కొలుచుకుంటది.
టీచర్ ఇదంత ఇంగ్లీషుల చెప్తే జుబిన్ నవ్విండు.

పాచిక ఆరు పడ్డది.
ఆరు గోలీలు నా ఖాళీల గుండ్రంగ తిరిగి తిరిగి
పండుకున్నయి. ఎవ్వల ఇల్లు తడవలే.

అప్పుడు ఎరుకపట్టిన ఆ గడులను.
కొండ మలుపు, పెట్రోలు బంకు, దాని కింది పల్లం.
మా క్యాంపు అక్కడనే. రూముకు పన్నెండు మంచాలు.
ఆ రాత్రి కింది మంచాలు మునిగితే
పై మంచాలోళ్ల కాళ్లకాడ కూసున్నం తెల్లారేదాక,
సబ్బుడబ్బా, ఒంటి చెప్పు, పాస్‌పోర్టు జిరాక్సు
తేలుతుంటే చూసుకుంట.

"బిడ్డా, ఈ ఊర్ల మా రూము ఏది?"

బడి ఉన్నది. మసీదు, మాల్, చేపల మార్కెట్ ఉన్నయి.
రుఖయ్యా వెతికింది.
టీచర్ రూల్స్ కాయితం తిరగేసి, మళ్ల తిరగేసింది.

సాత్విక పెన్సిల్ పట్టుకొని శిఖం మీద గీయబోయి ఆగింది:
"ఇక్కడ కట్టొద్దన్నావు కదా అంకుల్."
అన్న మరి.
నీళ్లు ఎక్కని గడి కోసం వేలితో వెతుక్కుంట వెతుక్కుంట
మాల్ పక్కన, కార్లు పెట్టే గడిల
చిన్న ఇల్లు గీసింది. పన్నెండు కిటికీలు.

"దానికెన్ని నాణేలు?" బాసిల్ అడిగిండు.

బెల్లు కొట్టింది.
ట్యాంకర్ల ఇంక సగం నీళ్లున్నయి,
నేను లేచిన.