ఎవరికెరుక

మస్కట్ నుంచి వచ్చిన పిల్ల
కారు నీడల కూసుండి కాగితాలు విప్పింది.
అల్ హమ్రాల పొద్దు అప్పటికే మట్టిగోడ దిగుతున్నది.
ఖర్జూరం తోటలకు నీళ్లు మళ్లించే ఖల్ఫాన్
తడికాళ్లతోనే వచ్చి నిలబడ్డడు,
ఎనుక పార పట్టుకొని నేను.

"మీకు తెలిసిన ఈ పనిని ఏమంటరు?"
పదమూడేండ్ల సంది ఆ భాష చెవుల పడుతున్నది గనుక
సగం మాట విన్న, సగం మొకం చదివిన.

ముసలాయన నవ్విండు.
"నేను దాన్నేం అనలే బిడ్డా,
అదే నన్ను అన్నది, ఆరిఫ్ అని."

ఆరిఫ్ అంటే ఎరిగినోడు.
ఏ తోటకు ఎన్ని అథర్‌ల నీళ్లో,
ఎవరి తాత ఎవరికి తన వంతు అమ్ముకున్నడో,
పగలు పాతిన కర్ర నీడ చూసి,
రాత్రి కొండ అంచుకు ఏ చుక్క తగిలిందో చూసి
ఒక కట్ట తెంపి ఇంకో కట్ట ఏసేటోడు.
అథర్ అంటే అరగంట పారకం.
జాడ అని కూడా అర్థమట.
నీళ్లు పోయినంక కాలువ గోడకు మిగిలే తడిగీతను చూస్తే
రెండర్థాలు ఎందుకో అర్థం కాలే, ఒకటే చాలనిపించింది.

పిల్ల రాసుకుంటనే చెప్పింది:
ఆరిఫ్, మారిఫా, ఉర్ఫ్, మూడింటికీ ఒకటే పేగు.
ఉర్ఫ్ అంటే ఎవరూ రాయకున్నా ఊరంత నడిచే కట్టుబాటు.
మారిఫా అనంగనే ఉలిక్కిపడ్డ.
మా నాయిన బహరేన్ నుంచి రాసిన కవర్ల మీద ఉండేది ఆ మాట:
"మార్ఫత్, రాజన్న కిరాణం, మెట్‌పల్లి."
మా వాడకు పోస్టు రాకపోయేది.
ఒకరి చేతుల మీదుగ అని మాకు అర్థం,
ఎరగడం అని వీళ్లకు.
ఎన్ని ఊర్లు తిరిగి మా కిరాణం గుమ్మం కాడికొచ్చిందో గానీ
మంచిగనే తిరిగింది ఆ మాట.
ఎరగడం ఎన్నడన్న నేరుగ వచ్చిందా,
ఎవరి మార్ఫత్ లేకుండ?

"నీ పేరు?"
"నీరటి లస్మయ్య."
"నీరటి అంటే ఇంటిపేరా?"
"పనిపేరు. పని పోయినంక ఇంటిపేరయింది."

మా తాత తూము మీద కూసుండి,
పిల్లలకోడి నడినెత్తికొస్తే
కింది మడికి వంతు ఇడిసేటోడు.
ఖల్ఫాన్ ఆ కోడిని సురయ్యా అంటడు.
కోడి అదే.
పిల్లలు ఆయనకు ఏడు కనపడతయి, నాకు ఆరే.

"మరి మీ భాషల ఏమంటరు దీన్ని?"

తండ్లాడిన.
విద్య అందామంటే అది బడిది,
నేను ఏడో తరగతిల ఇడిసిన.
జ్ఞానం అరుగు మీద కూసున్నోళ్లది,
మా తాత అరుగు కింద నిలబడ్డోడు.
తెలివి అందామంటే,
పక్కోణ్ని ముంచినా తెలివే అంటరు.

"ఎరుక" అన్న.
అనంగనే గంప దించే సోదమ్మ గొంతు వినబడ్డది.
ఎరికేనా? ఎరికే. నాకెరుక లేదు.
దినాం వందసార్లు నోట్ల మెదిలి
ఒక్కసారి కూడా అరచేతుల పెట్టుకొని చూడని మాట.

ఖల్ఫాన్ రెండిటినీ నాలుక మీద ఏసుకున్నడు,
ఆరిఫ్, ఎరుక.
"చుట్టాలేమో" అన్నడు.
పిల్ల తల అడ్డంగ ఊపింది.
కాదట. ఊరికె ఒక్క తీరుగ వినపడతయట.
మేమిద్దరం కూడా అంతే గదా అనుకున్న.

ఆఖరి కాగితం తీసింది.
"ఈ ఎరుక ఎవరికి దక్కుతది? పేరు కావాలె."
ఖల్ఫాన్ కొడుకులు మస్కట్ బ్యాంకుల ఉన్నరు.
పక్క తోటల మోటరు గుర్రుమంటున్నది.
ఆయన కాలువ దిక్కు చూసిండు, జవాబియ్యలే.

నేనే అన్న, నా భాషల,
నాకు నేను చెప్పుకున్నట్టు:
"ఎవరికెరుక."

పేరనుకున్నది.
అరబ్బీ అక్షరాల, కుడి నుంచి ఎడమకు,
పైలంగ రాసుకున్నది.

కర్ర నీడ రాయి దాటింది.
ఖల్ఫాన్ ఏమీ అనలే.
నేను పోయి కట్ట తెంపిన.