లాకుల మనిషి

తల నున్నగా గీసే పని నాది.
గ్రోనింగెన్ ఆసుపత్రి, మూడో అంతస్తు, మంగళవారం.
హిల్కే టెర్ప్‌స్ట్రా, అరవై ఎనిమిదేళ్లు,
ముప్పై ఒక్క ఏళ్లు కాలువ మీద లాకులు కాశాడు.
"వెనకాల మచ్చ ఉంటుంది, చూసుకో" అన్నాడు.
"పడవ తాడు తెగి కొట్టింది."
మచ్చ చుట్టూ మెల్లగా తిప్పాను బ్లేడు.

మెదడులో నెత్తుటి దారుల గోడలు
చేయీ చేయీ బిగించిన కణాలట.
డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది.
చక్కెరకు దారిస్తాయి, ప్రాణవాయువుకు సరే సరి.
కాఫీ, సారా చొరవగా దూరిపోతాయి.
మందు దగ్గరికొచ్చేసరికి మాత్రం
ఎంత పేరున్నదానికైనా పప్పులుడకవు.
ఏడు నెలలుగా అతని చేతి నరంలో పోసిందంతా
ఆ గడప దాకా వెళ్లి
ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

హిల్కే కోప్పడలేదు.
"కాపలావాడి తప్పేముంది?
కాగితాలు లేని పడవని నేనూ వదల్లేదు."
కాసేపాగి,
"లోపల అంటుకున్నప్పుడు
మంటలార్పే పడవనీ కాగితాలడిగితే ఎలా?"

తలకు శబ్దాల టోపీ. చెవికందని శబ్దం.
టోపీకీ తలకీ నడుమ చల్లటి నీళ్లు.
నీళ్లనగానే మొహం విప్పారింది.
"ఎన్ని డిగ్రీలు?"
"పదహారు."
"ఏప్రిల్ కాలువ కంటే నయమే."

కంటికానని బుడగలు నరంలోకెక్కి
నెత్తుటి వెంట కొట్టుకుపోయి
శబ్దం తగిలిన చోట
ఉబ్బి, నలిగి, మళ్లీ ఉబ్బి
గోడను భుజంతో నెడతాయి.
పగలగొట్టవు. ఓరగా, అంతే.
తెర మీద కణితి చుట్టూ
బూడిదలో తెల్లటి మరక విచ్చుకుంది.
బ్రెఖ్టే తలూపింది.
మందు సంచి క్లిప్పు వదిలాను.

సాయంత్రం సూప్ తాగుతూ అడిగాడు:
"తెరిచారు సరే. మూసేదెవరు?"
"ఎవరూ కాదు. రేపీపాటికి దానంతటదే."
స్పూను కింద పెట్టాడు.
"తనంతట తాను మూసుకునే తలుపు
నేనెక్కడా చూడలేదమ్మా.
ఓసారి అంచులో చెక్కముక్క ఇరుక్కుంది.
అరంగుళం సందు.
తెల్లారేసరికి దిగువన గొర్రెలు
గిట్టలు మునిగే నీళ్లలో నిలబడ్డాయి."

ఆ రాత్రి డ్యూటీలో రెండుసార్లు చూశాను.
పక్కమీద లేచి కూర్చుని
చెవి పైన అరచెయ్యి ఆనించి
కాపలా కాస్తున్నాడు.

నాలుగు వారాలకు మళ్లీ వచ్చాడు.
కణితి తగ్గినట్టూ ఉంది, లేనట్టూ ఉంది.
డాక్టరమ్మ "చూద్దాం" అంది.
నెత్తిన జుట్టు కోసిన మడిలా గరుకుగా లేచింది.
బ్లేడు తడిపాను.
"మచ్చ గుర్తుందిగా?"
"ఉంది."