సీటు నంబరు రెండువందల పదిహేడు

మార్చి ముప్పై ఒకటికి రెన్యూవల్.
నెల ముందే వద్దనకపోతే
నోరెత్తలేదు గనక సరేనన్నట్టే లెక్క.
ఒప్పందం పద్నాలుగో పేజీలో
చీమ తలకాయలంత అక్షరాల్లో ఉంటుందా మాట.
ఇవాళ ఫిబ్రవరి ఇరవై ఏడు.
గ్దీనియా రేవులో తాళ్లను మంచు ఇంకా వదల్లేదు.
చేపల కోల్డ్ స్టోరేజీ మూడో అంతస్తులో
హీటరు పక్కన నేనూ, ఒక ఎక్సెల్ షీటూ.

నాలుగువందల పన్నెండు సీట్లు కొన్నాం.
కొన్నాం అనకూడదు, అద్దెకు తెచ్చుకున్నాం.
కూర్చునేవాళ్లు మూడువందల నలభై.
మిగతా డెబ్బై రెండూ ఎవరికి పెడుతున్న విస్తళ్లో
తేల్చమంది స్ట్రుగాల్స్కా మేడమ్.

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరు ఒకటుంది,
ఒకే ఒక్క హెరింగు చేప పోస్టరు కోసం తీసుకున్నది.
పోస్టరు వెలిసిపోయి మూడేళ్లు.
చందా మాత్రం నెలనెలా తాజాగా పడుతోంది.
మార్కెటింగులో ఇద్దరికి మూడు చాట్ యాప్‌లు.
ఆ ఇద్దరికీ మాటల్లేవు.

ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే.
మనిషి ధర అంత కూడా కాదు:
నెలకు యాభై నాలుగు జ్లోటీలు,
ఊపిరి ఉన్నా, లేకున్నా.

చివరిసారి ఎప్పుడు లోపలికొచ్చారో
ఆ తేదీల వరుసన పేర్లు పేర్చాను.
అడుగున ఉండాల్సిన పేరొకటి పైకి తేలింది.
గ్రోనెక్ విటోల్డ్, ఫోర్మన్.
అక్టోబరులో వానలో ఆయన్ని మట్టిచేసి వచ్చాం.
ఆ రోజు నాకెవరో ఇచ్చిన గొడుగు
ఇంకా నా బీరువా వెనకే ఉంది.
చివరి లాగిన్: నిన్న రాత్రి మూడూ పది.

మొన్న మూడూ పది. అటు మొన్న మూడూ పన్నెండు.
నాలుగు నిమిషాలే ఉంటాడు.
మూడో గది ఉష్ణోగ్రత రాస్తాడు, పోతాడు.
మైనస్ ఇరవై రెండు. మైనస్ ఇరవై రెండు.
మైనస్ ఇరవై ఒకటీ పాయింటు ఆరు,
తలుపు రబ్బరు చిరిగింది, మళ్లీ చెబుతున్నాను.
పోలిష్ అక్షరాలకు ఉండాల్సిన తోకల్లేవు.
గ్రోనెక్ కేకలేసేవాడే గానీ
రెండోసారి చెప్పేవాడు కాదు.

ఆ రాత్రి ఇంటికి వెళ్లలేదు.

మూడూ తొమ్మిదికి ఒకావిడ వచ్చింది.
పేరు మిరోస్లావా, ఊరు మికొలాయివ్.
ఏజెన్సీ పంపిన మనిషి.
ఏజెన్సీ మనుషులకు సీటు ఉండదు, ఆరో పేజీ.
చేతికి తొడుగు తీయలేదు.
చూపుడువేలి కొస దగ్గర కత్తిరించి ఉంది,
ఆ ఒక్క వేలితోనే కొడుతోంది.
చెవి వెనక నుంచి అట్టపెట్టె ముక్క తీసి చూపించింది:
ఆయన కుక్క పేరు, పక్కన ఏదో సంవత్సరం.
ఆసుపత్రికి వెళ్లే రోజున ఆయనే రాసిచ్చాడట.
మూడో గది మీద కన్నేసి ఉంచు,
ఆ రబ్బరును నమ్మకు, అన్నాడట.

తీసేస్తారా? అనడిగింది.
నన్నా, ఆయన్నా అని నేను అడగలేదు.

పొద్దున్నే మేడమ్‌కు రాశాను,
ఒక్క సీటు, నెలకు యాభై నాలుగు.
జవాబు తొందరగానే వచ్చింది.
బడ్జెట్ లేదు.
ఆ పోస్టరు సాఫ్ట్‌వేరు మాత్రం ఉంచండి,
ఎప్పుడైనా అవసరం పడొచ్చు.

డెబ్బై ఒకటి తీసేశాను.
ఒక్కో పేరు మీదా నొక్కుతుంటే
ఖచ్చితంగా తొలగించాలా అని అడుగుతుంది.
ఈ కంపెనీలో ఎవర్నైనా పంపించే ముందు
ఆ మాత్రం అడిగింది అదొక్కటే.
రెండువందల పదిహేడు దగ్గర
కారణం గడిలో వాడుకలో ఉంది అని రాశాను.
ఆడిటరు వస్తే ఏమంటాడో తెలియదు.
అబద్ధమైతే కాదు.

తలుపు రబ్బరు మాత్రం కొన్నాం.
ఒక్కసారి డబ్బు కట్టాం, ఇక మనదే.
ఇద్దరు మనుషులు పట్టుకుని బిగించారు.

నిన్న గ్రోనెక్ పేరు మీద సిస్టం ఉత్తరం పంపింది:
మీ పాస్‌వర్డు గడువు పన్నెండు రోజుల్లో ముగుస్తుంది.
కొత్తది ఏం పెట్టమంటారని మిరోస్లావా నన్నడిగింది.
కాసేపాగి, ఆయన కుక్క ఇంకా ఉందా, అంది.
ఉందన్నాను.
నాకు తెలియదు.